గుండీలు నేనే పెట్టేదాన్ని

బ్రెమెన్‌కు కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీ కప్పులు పట్టుకుని నా చుట్టూ చేరతారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఆంటీ, డ్యూటీ చేసుకుంటా డిగ్రీ ఎట్లా చదివారు?" పొద్దున్నే నాలుగింటికి లేచేదాన్ని, ట్రామ్‌లో చదువుకునేదాన్ని అని చెప్పి పంపించేస్తుంటాను. అది నిజమే గాని అందులో గొప్పేమీ లేదు. పొద్దున్నే లేవడం ఎవరికైనా అలవాటవుతుంది. ఆ చదువు చివరి ఏడాదిలో నన్ను నిలబెట్టి చెంప ఛెళ్ళుమనిపించిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నిలబడి కాఫీ తాగుతూ చెప్పే సంగతి కాదది. రిటైరై ఏడాది దాటింది, తీరిక దొరికింది కాబట్టి ఇప్పుడు మీకోసం రాస్తున్నాను.

నేను కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగు డిప్లొమా చేశాను. కొన్నాళ్ళు గల్ఫులో పనిచేసి, తర్వాత మా ఆయన ఉద్యోగం వెంట జర్మనీ వచ్చాను. ఇక్కడ ఆ డిప్లొమాను ఒప్పించుకోడానికి పడిన పాట్లు మీకు తెలియనివి కావు, వదిలేద్దాం. ఏళ్ళ తరబడి పనిచేశాక, యాభై దాటిన వయసులో, ఒకరోజు వార్డు మీటింగులో ఒక పేషెంటు గురించి నాకు తోచింది చెప్పాను. మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, ఒక కొత్త సోషల్ వర్కరు ముచ్చటగా నవ్వి, "థాంక్యూ, మిగతాది నిపుణులు చూసుకుంటారు" అంది. ఆ నవ్వు నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆ వారమే ఇంగ్లండులోని ఒక యూనివర్సిటీలో దూరవిద్యకు దరఖాస్తు పెట్టాను. హెల్త్ అండ్ సోషల్ కేర్‌లో ఆనర్స్ డిగ్రీ. పని చేసుకుంటూ చదివితే ఆరేళ్ళు పడుతుంది.

"ఆరేళ్ళా?" అన్నాడు మా ఆయన. "నువ్వు రిటైరయ్యే టైముకి పట్టా వచ్చిద్ది. ఏం చేసుకుంటావే దాన్ని?"

"గోడకు కొట్టుకుంటా. మేకు నువ్వు తెచ్చిపెట్టు చాలు."

మొదటి వ్యాసం ఆదివారం ప్రసంగంలా రాసి పంపాను. ప్రేమ, సహనం, సేవ. తిరిగొచ్చినప్పుడు మార్జిన్‌లో పదకొండు చోట్ల ఒకే మాట ఉంది: ఆధారం ఏది? ఆ ప్రశ్న మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, దాన్ని జయించడానికే మిగతా ఐదేళ్ళూ చదివాననుకుంటాను. ఒక పేపరు తప్పాను, మళ్ళీ రాశాను. రెండోసారి తప్పితే మానేస్తానని మా ఆయన ఎదురుచూశాడు గాని నేను తప్పలేదు.

నేను పనిచేసేది కొద్దికాలం ఉంచుకునే వార్డు. ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళు ఇంటికి వెళ్ళే శక్తి ఇంకా లేకపోతే మా దగ్గరికి వస్తారు. మహా అయితే ఎనిమిది వారాలు. ఆ తర్వాత ఇంటికైనా వెళ్ళాలి, వృద్ధుల హోములో శాశ్వతంగానైనా చేరాలి. అంటే మా వార్డు ఒక కూడలి. అక్కడి నుంచి ఎటు వెళ్తారన్నది వాళ్ళ చేతుల్లో ఎంత సత్తువ మిగిలిందన్న దాని మీద ఉంటుంది.

పొద్దుటి డ్యూటీలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది నేను చెప్పుకోవడం కాదు, పేషెంట్లే చెప్పేవాళ్ళు. ముఖం కడిగి, తల దువ్వి, చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, సాక్సులు వేసి, బ్రెడ్డుకు బటర్ రాసి, ఆపిల్ పండు సన్నగా ముక్కలు కోసి ముందుంచేదాన్ని. ఎనిమిదిన్నరకల్లా నా గదుల్లో అందరూ పెళ్ళివారిలా తయారై కూర్చునేవాళ్ళు. పెద్దవాళ్ళను వంగనివ్వకూడదు, వాళ్ళు అడిగే లోపలే చేసి పెట్టాలి. నేను పెరిగిన ఇంట్లో అదే నేర్చుకున్నాను, మిషన్ ఆసుపత్రిలో సిస్టరమ్మలూ అదే నేర్పారు. నన్ను చూడగానే ఆ ముసలి ముఖాలు విప్పారేవి. అంతకంటే ఏం కావాలి?

నాకు పూర్తి విరుద్ధం మా వార్డులోని ఒక జర్మన్ సహోద్యోగి. రెండు చేతుల నిండా పచ్చబొట్లు, ఆరడుగుల మనిషి. పేషెంటుకు తడిగుడ్డ అందించి, తన చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. అంతే. ఆ ముసలాయన వణుకుతూ ముఖం తుడుచుకుంటుంటే కిటికీలోంచి వాన చూసేవాడు. అతని గదుల్లో పది దాటినా ఒకాయన చొక్కా ఎగుడుదిగుడుగా, ఇంకొకావిడ జుట్టు ఒక పక్కే దువ్వి ఉండేవి. ఇంట్లో అతని గురించి చెప్పేటప్పుడు 'మా స్తంభం' అనేదాన్ని. "స్తంభం ఇవాళ కూడా నిలబడ్డాడా?" అని మా ఆయన అడిగేవాడు.

ఆనర్స్ కోసం చివరి ఏడాదిలో ప్రాజెక్టు చేయాలి. మన పనిచోటే ఒక సమస్య ఎంచుకుని, నాలుగు నెలలు గమనించి, రాసుకుని, దాని మీద పెద్ద వ్యాసం ఇవ్వాలి. పొద్దుటి పనుల్లో పేషెంట్ల సంతృప్తి అన్న అంశం ఎంచుకున్నాను. మనసులో ఏముందో దాచడం ఎందుకు, నా పద్ధతే గొప్పదని యూనివర్సిటీ ముద్రతో రుజువు చేయాలనుకున్నాను. నా గైడు ఇంగ్లండులో ఉండేది, కంప్యూటరు తెర మీదే మాట్లాడుకునేవాళ్ళం. ఆమె అంతా విని, "సంతృప్తి ఒక్కటే చాలదు. వచ్చిన రోజు వాళ్ళంతట వాళ్ళు ఏమేం చేసుకోగలిగారు, తర్వాత ఏమేం చేసుకోగలుగుతున్నారు, అదీ రాయండి" అంది. అదెందుకో అనుకుంటూనే ఒప్పుకున్నాను. పేర్లు రాయకూడదు కాబట్టి పొద్దుటి డ్యూటీ చేసే ముగ్గురికీ అక్షరాలు పెట్టాను. స్తంభం ఏ. ఇంకో అమ్మాయి బి. నేను సి.

ఆ నాలుగు నెలల్లో ఆఖర్న వచ్చిందొక పెద్దావిడ. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు ఈ ఊళ్ళోనే ట్రామ్ నడిపిందట. తుంటీ, కుడి మణికట్టూ విరిగి, ఆపరేషన్లయి మా దగ్గరికి వచ్చింది. పిల్లల్లేరు, భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో ఒక అక్క కొడుకు ఉన్నాడు. అద్దె ఇల్లు నేల అంతస్తులోనే, ట్రామ్ మలుపు ఎదురుగా. "పడుకుంటే చక్రాల చప్పుడు వినిపిస్తుంది. ఏ బండి ఎవరు నడుపుతున్నారో మలుపు తిప్పే తీరును బట్టి చెప్తా" అనేది. ఆ ఇంటికి తిరిగి వెళ్ళడం తప్ప ఆవిడకు వేరే ఆలోచనే లేదు. నాకు యాభై ఎనిమిదేళ్ళయినా నన్ను 'మేడ్షెన్' అనేది. అమ్మాయీ అని.

నా గదే కాబట్టి వారంలో ఐదు రోజులు పొద్దున నేనే. ఇష్టంతో చేశాను. నీలం రంగు ఉన్ని స్వెట్టరు, దానికి ఐదు గుండీలు. నేను గుండీలు పెడుతుంటే ఆవిడ గడ్డం కొంచెం పైకెత్తి కళ్ళు మూసుకునేది. మా ఇద్దరికీ అది రోజు మొదలయ్యే గుర్తు.

నాలుగో వారం చివర్న మొదటి రివ్యూ పెట్టారు. థెరపిస్టు, సోషల్ వర్కరు, అక్క కొడుకు వచ్చారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. థెరపిస్టు స్వెట్టరు ఆవిడ ఒళ్ళో పెట్టి, "వేసుకోండి" అంది.

పెద్దావిడ రెండు చేతులూ ముందుకు చాపి అలాగే కూర్చుంది.

ఎవరో వచ్చి తొడుగుతారని ఎదురుచూస్తోంది. చిన్నపిల్లలు స్కూలుకు తయారయ్యేటప్పుడు చాపుతారే, అట్లా. పది సెకన్లు గడిచాక తనకే అర్థమైనట్టుంది, సిగ్గుతో ముఖం ఎర్రబడింది. చేతులు దించి స్వెట్టరు తీసుకుంది. చేయి దూర్చడానికే తిప్పలు పడింది. గుండీ ఒక్కటీ పెట్టలేకపోయింది. బ్రెడ్డు మీద బటర్ రాయమంటే కత్తి జారిపోయింది. థెరపిస్టు తలెత్తకుండా రాసుకుంది. అక్క కొడుకు చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఇట్లయితే ఇంట్లో ఒక్కతే ఎట్లా ఉంటుంది? ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనరుకు చెప్పేస్తాను, హోములో చోటు చూద్దాం" అన్నాడు. చివరికి, ఎనిమిదో వారం రివ్యూ దాకా ఆగుదామని సోషల్ వర్కరు ఒప్పించింది. అప్పటికీ ఇంతే అయితే హోమే. పెద్దావిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి ఆవిడ వచ్చిన రోజున నేనే రాసిన కాగితం తీశాను. కుడి మణికట్టుకు కట్టు ఉన్నా ఎడమ చేత్తో నాలుగు గుండీలు పెట్టుకుంది. బటర్ రాసుకుంది. అంతా నా చేతిరాతే.

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో డైనింగ్ టేబులు మీద నాలుగు నెలల కాగితాలూ పరిచాను. సంతృప్తి గడుల్లో సి అందరికంటే పైన ఉంది. ఆ పక్కనే, వచ్చాక సొంతంగా చేసుకునే పనులు పెరిగాయా తగ్గాయా అన్న గడుల్లో 'ఏ' దగ్గర దాదాపు అందరికీ పెరిగాయి. బి దగ్గర అటూఇటూ. సి దగ్గర ఒకరి తర్వాత ఒకరికి తగ్గాయి. మా అమ్మాయి వెనక నుంచి వంగి చూసి, సి అన్న అక్షరం మీద వేలు పెట్టి, "మామా, దస్ బిస్ట్ దూ" అంది. అమ్మా, అది నువ్వే కదా అని. దాని గొంతులో ఎగతాళి లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

మా ఆయన టీ తెచ్చిపెట్టి, సంగతి విని తేలిగ్గా తీసేశాడు. "ఏందీ, పెద్దావిడకు గుండీలు పెడితే అది కూడా తప్పేనా? మా అమ్మకు పెట్టలా నువ్వు?"

"మీ అమ్మను ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అనలేదు కదా."

"సర్లే. ఆ కాలమ్ తీసేయ్. నీ ప్రాజెక్టులో నువ్వుండటమేంది అసలు?"

విచిత్రం ఏమిటంటే గైడు కూడా అదే మాట మర్యాదగా చెప్పింది. పరిశోధన చేసే మనిషి తన సొంత షిఫ్టులను లెక్కలోంచి తీసేయవచ్చు, ఆ సంగతి పద్ధతి గురించి రాసే చోట ఒక వాక్యంలో చెప్తే సరిపోతుంది, చాలామంది అట్లాగే చేస్తారు. తప్పేమీ కాదు. సమర్పణకు ఐదు వారాలే ఉన్నాయి. ఒక్క వాక్యం రాస్తే నా పరువూ నిలుస్తుంది, ఆనర్సూ వస్తుంది. ఆ వాక్యం టైపు కూడా చేశాను. చేసి చూసుకుంటే, ఆరేళ్ళుగా నా వెంటపడ్డ ప్రశ్నకు మొదటిసారి నా దగ్గర గట్టి ఆధారం దొరికితే దాన్ని నేనే చీపురుతో మంచం కిందికి తోస్తున్నాను. చెరిపేశాను. మధ్యలో ఉండాల్సింది ఆ పెద్దావిడ కథేనని తేల్చుకుని, మొత్తం మళ్ళీ రాయాలనుకున్నాను.

సోమవారం పొద్దున డ్యూటీ మొదలవగానే స్తంభం దగ్గరికి వెళ్ళాను. "నాకు నిలబడటం నేర్పు" అన్నాను. వేళాకోళం చేస్తున్నాననుకుని అనుమానంగా చూశాడు. అంతా చెప్పాను. అతను నవ్వలేదు.

"నాకు రెండేళ్ళు పట్టింది. జేబుల్లో చేతులు ఎందుకు పెట్టుకుంటాననుకున్నావ్? బయట ఉంటే అవి ఆగవు" అన్నాడు. "కిటికీ వైపు ఎందుకు చూస్తాననుకున్నావ్? వాళ్ళు తంటాలు పడుతుంటే చూడలేక."

ఇన్నేళ్ళు ఒకే వార్డులో పనిచేసి ఆ మనిషిని బద్ధకస్తుడని చెప్పుకు తిరిగాను. క్షమించమన్నాను. దేనికని మాత్రం అతనికి చెప్పలేదు. 'స్తంభం'ను జర్మన్‌లోకి మార్చి చెప్పే ధైర్యం నాకిప్పటికీ లేదు.

అసలు కష్టం ఇంకా ముందుంది. ఒక మనిషి కథ వ్యాసంలో రాయాలంటే ఆ మనిషి సంతకం కావాలి. అంటే నేను పెద్దావిడ ముందు కూర్చుని, మీ చేతులు ఇట్లా కావడానికి కారణం నేనేనని చెప్పి, దాని మీద నాకు పట్టా రావడానికి సంతకం పెట్టండి అని అడగాలి. మధ్యాహ్నం కాఫీ వేళ వెళ్ళి కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాను. వచ్చిన రోజు కాగితం చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని నాలుగు గుండీల దగ్గర చాలాసేపు ఆగింది.

"అంటే నా ఇల్లు నువ్వు తీసేసుకున్నావన్నమాట" అంది.

"అవును" అన్నాను.

"బయటికి వెళ్ళు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను స్వెట్టరు మంచం మీద పెట్టి వెనక్కి జరగగానే అంది. "విను, మేడ్షెన్. ఎనిమిదో వారం నేను ఇంటికి వెళ్తే నీ కాగితం మీద సంతకం పెడతా. వెళ్ళకపోతే పెట్టను. నా ఇంటితో పాటు నీ పట్టా కూడా పోతుంది. ఇద్దరం కలిసి దిగుదాం, సరేనా?"

సరేనన్నాను. ఆ రివ్యూకు, నా సమర్పణ తేదీకి మధ్య ఒక్క వారమే తేడా. సంతకం లేకపోతే వేరే వ్యాసం రాసే వ్యవధి లేదు. గైడుకు చెప్తే తెర మీద తల పట్టుకుంది. ఆ సంతకం కోసం కథను మార్చవద్దని, బతిమాలవద్దని హెచ్చరించింది. బతిమాలితే వినే మనిషి కాదని చెప్పాను.

ఆ మూడున్నర వారాలు నేను ఉద్యోగంలో పడ్డ కష్టాల్లోకెల్లా కష్టం. పనిచేయడం కాదు, చేయకుండా ఉండటం. స్వెట్టరు అందించి జేబుల్లో చేతులు పెట్టుకునేదాన్ని. జేబుల్లోనే నా వేళ్ళు గుండీలు పెడుతుండేవి. మొదటి వారం చేయి దూర్చడానికే పావుగంట పట్టేది. బటర్ సగం ఒళ్ళో పడేది. మిగతా గదుల్లో కూడా పద్ధతి మార్చాను, దాంతో అక్కడా గోల. "ఆ మంచి నర్సుకు ఏమైంది?" అని ఒకాయన వార్డు హెడ్‌నే అడిగాడు. హెడ్ నన్ను పిలిచి, పదిన్నర అవుతున్నా బ్రేక్‌ఫాస్టు ట్రేలు రావడం లేదేమని నిలదీసింది. నా లెక్కల కాగితం ఆవిడ ముందు పెట్టాను. చూసి, "ఇంకో రెండు వారాలు చూస్తా" అంది.

పెద్దావిడ రోజూ నన్ను తిట్టేది. ఒకరోజు దువ్వెన విసిరింది. నా పక్కనుంచి వెళ్ళి తలుపుకు తగిలింది. తీసి మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చాను. ఆరో వారం మధ్యలో ఒక పొద్దున ఆవిడ వేళ్ళు వణికిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వల్ల కాలేదు. వంగి ఒక గుండీ పెట్టేశాను. ఆవిడ తల దించి ఆ గుండీని చూసింది, నన్ను చూసింది, నెమ్మదిగా దాన్ని తీసేసింది. మళ్ళీ తనే మొదలుపెట్టింది. ఆ గుండీకి ఆరు నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు అర్థం కాలేదు గాని, ఇద్దరం ఒకే పంతం మీద ఉన్నామని తెలిసింది.

రివ్యూ రోజు పొద్దున తొమ్మిదింటికి అందరూ వచ్చారు. పెద్దావిడ స్టిక్ పట్టుకుని నాలుగు మెట్లు ఎక్కి దిగింది. థెరపీ వంటగదిలో కాఫీ పెట్టుకుంది. బటర్ రాసింది, కాస్త గోడకు సున్నం వేసినట్టు రాసింది గాని రాసింది. ఇక స్వెట్టరు. చేతులు దూర్చింది. కింద నుంచి ఒకటి, రెండు, మూడు. నాలుగో గుండీ కాజా దాకా వచ్చి జారింది. మళ్ళీ జారింది. మూడోసారి ఆవిడ చేయి ఒళ్ళో పడిపోయింది. అక్క కొడుకు చూడలేక కుర్చీలోంచి లేచి చేతులు చాపుతూ ముందుకొచ్చాడు.

"కూర్చో!" అని అరిచాను.

తెలుగులో అరిచాను. ఆ మనిషికి ఒక్క తెలుగు ముక్క రాదు. అయినా ఠక్కున కూర్చున్నాడు. సోషల్ వర్కరు పెన్ను కింద పడేసుకుంది. పెద్దావిడ నవ్వింది, ఎనిమిది వారాల్లో అంత గట్టిగా నవ్వడం చూడలేదు. నవ్వు ఆగాక నాలుగో గుండీ పెట్టేసింది. ఐదోది ముట్టుకోలేదు.

"పైది?" అని థెరపిస్టు అడిగింది.

"పైది నేనెప్పుడూ పెట్టుకోను. గొంతు పట్టేస్తుంది" అంది దర్జాగా. ఎనిమిది వారాల్లో మొదటి సగమంతా ఆ పై గుండీ కూడా నేను పెట్టాను, ఆవిడను ఒక్కసారి అడగకుండా. థెరపిస్టు రాసిన రెండు మాటలు నాకు తలకిందులుగానే కనిపించాయి: నెమ్మదిగా, సొంతంగా. వారానికి రెండుసార్లు ఒక నర్సు ఇంటికి వెళ్ళి చూసేట్టు, పెద్దావిడ తన ఇంటికే వెళ్ళేట్టు తేల్చారు. ఒకప్పుడు 'నిపుణులు చూసుకుంటారు' అని నా నోరు మూయించిన సోషల్ వర్కరు ఈమే. వెళ్తూ వెళ్తూ ఆ లెక్కల కాగితం కాపీ ఒకటి ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. లోపల పండగ చేసుకున్నాను, దాచడమెందుకు.

ఆనర్స్ వచ్చింది. మొదటి శ్రేణి కాదు, రెండోదాంట్లో పైమెట్టు. పేషెంట్ల సంఖ్య తక్కువని, రాసిన మనిషి కథకు మరీ దగ్గరగా నిలబడిందని పరీక్షకులు అన్నారు. రెండూ నిజమే. ఆ తర్వాత రిటైరయ్యే దాకా కొత్తగా వచ్చే నర్సులకు పొద్దుటి పని నేర్పే బాధ్యత నాకిచ్చారు. మన దేశం నుంచి వచ్చిన ప్రతి పిల్లా మొదటి వారం సరిగ్గా నాలాగే చేసేది, నేను వెనక నిలబడి దగ్గేదాన్ని. మీ మనసు మంచిదే, నాకు తెలుసు. ఆ మంచితనం ఎవరి చేతుల్లోంచి ఏం లాక్కుంటోందో కూడా కాస్త చూసుకోండి.

ఆ సంతకం సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దావిడ వెళ్ళే రోజున అక్క కొడుకు కారు వాకిట్లో ఉంది. నేను కాగితం టేబులు మీద పెట్టాను. ఆవిడ నన్ను బయటికి పొమ్మంది, "టైము పడుతుంది, చూస్తూ నిలబడకు" అని. చాలాసేపటి తర్వాత కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, కారెక్కింది. కారు మలుపు తిరిగాక విప్పి చూశాను. సంతకం ఉంది. దాని కింద ఖాళీ చోటంతా వంకర అక్షరాలు నింపింది.

నర్సు తన తప్పు రాసుకుంది కాబట్టి నాది కూడా రాయాలి, అని మొదలుపెట్టింది. మొదటి వారమంతా నాకు గుండీలు పెట్టుకోవడం వచ్చు. చెప్పలేదు. నా భర్త పోయాక ఇన్నేళ్ళలో నా మెడ దగ్గర ఎవరి వేళ్ళూ తగల్లేదు. నాలుగో వారానికి నిజంగానే రాకుండా పోయింది, అప్పుడు భయపడ్డాను.

వాకిట్లోనే నిలబడి ఏడ్చాను. అందరూ చూస్తున్నా ఏడ్చాను. ఆ వాక్యాలన్నీ ఒక్క అక్షరం మార్చకుండా వ్యాసంలో పెట్టాను, అనుబంధంలో వేయమని గైడు చెప్పినా వినకుండా మధ్యలోనే పెట్టాను. ఆవిడ రాసిన చివరి వాక్యం ఇది: ఇంట్లో నాకు గుండీలు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు, అయినా నేను ఇంటికే వెళ్తున్నాను.